అయిదు పొట్లాలు

అబ్రహాము పెళ్ళికి మొదటి ప్రకటన చదివిన ఆదివారం నాడే, ఏడేళ్ళ కిందట చచ్చిపోయిన అన్న చర్చికి వచ్చాడు.

వచ్చాడంటే మనిషి కనబడలేదు, చప్పుడు వినబడింది. అయ్యగారు కళ్ళద్దాలు సవరించుకుని, "మన సంఘ సభ్యుడైన అబ్రహాముకును, కావలి సంఘ సభ్యురాలైన కరుణాకుమారికిని వివాహము నిశ్చయమైనది. ఇందుకు అభ్యంతరము గలవారెవరైనను ఉన్నయెడల తెలియజేయవలెను. ఇది మొదటి ప్రకటన" అని చదివి తల ఎత్తాడు. మూడు ఆదివారాలు ఇలా చదివితే గానీ ఆ సంఘంలో తాళి కట్టనివ్వరు. ఎవరూ కిక్కురుమనలేదు. ఆ నిశ్శబ్దంలో వెనక బెంచీ మీద కొబ్బరిచిప్పలో ఎవరో ఉమ్మిన చప్పుడైంది. అబ్రహాము ఉలిక్కిపడి తిరిగి చూశాడు. బెంచీ ఖాళీగా ఉంది. పెళ్ళికొడుకు సిగ్గుపడుతున్నాడనుకుని పక్కవాళ్ళు నవ్వుకున్నారు.

అన్న పేరు యెహోషువ. వాళ్ళ పాలేనికి ఒక పక్క సముద్రం, ఇంకో పక్క బకింగ్‌హాం కాలవ, రెంటికీ మధ్య సరుగుడు తోటలు. ఆ కట్టెలు పడవకెత్తి మద్రాసు చేర్చడం తండ్రి నాటి నుంచీ వస్తున్న పని. తండ్రి పోయాక యెహోషువ చుక్కాని పట్టాడు. బారెడు ఛాతీ, మంచి కంఠం, ఎదురుగాలిలో కూడా పాట ఆపని మనిషి. అలాంటివాడు పెళ్ళయిన రెండో ఏట, ముప్ఫై నిండకుండానే జబ్బుపడ్డాడు. చిగుళ్ళు వాచాయి. పళ్ళు కదిలి, అన్నం ముద్దతో పాటు ఊడి వచ్చేవి. నోట్లో నీళ్ళు ఊరి ఊరి, మింగలేక, ఆపలేక, పడవలో చుక్కాని దగ్గరి పలక మీద కొబ్బరిచిప్ప పెట్టుకుని పగలల్లా అందులో ఉమ్ముతూ కూర్చునేవాడు.

మందు ఇచ్చింది పొరుగూరి నాటువైద్యుడు పోలేరయ్య. అతను వచ్చి చిప్పలోకి తొంగి చూసి, "భేష్, రోగమంతా ఉమ్ములో పోతా ఉండాది" అని మెచ్చుకునేవాడు. ఏం రోగమో యెహోషువ ఎవరికీ చెప్పలేదు. పెళ్ళాం అడిగితే కడుపులో పుండన్నాడు. మందు నలభై ఒక్క రోజులు వాడాలి. ముప్ఫై ఆరో రోజున, పోవాల్సిన రోగం సంగతేమో గానీ, యెహోషువే పోయాడు.

శవానికి స్నానం చేయించింది ఇద్దరే. ఒకడు అప్పటికి ఇరవై ఏళ్ళ అబ్రహాము, ఇంకొకడు సంఘపెద్ద ముత్యాలయ్య. తలుపు మూసి, పంచె తొలగించి కడుగుతుండగా ముత్యాలయ్య చెయ్యి ఆగిపోయింది. వేలితో చూపించాడు. శిశ్నం తల అంచు చుట్టూ, ఆవగింజలో సగం ఉండే బుడిపెలు, కూర్చి పెట్టినట్టు వరుసగా ఉన్నాయి.

"సవాయి" అన్నాడు ముత్యాలయ్య. మద్రాసు రేవుల్లో తిరిగే పడవవాళ్ళను పట్టి పీడించే సుఖరోగానికి అక్కడ అదే పేరు. "నీళ్ళు పొయ్యి. పీనుగ మీద చూసింది పీనుగతోనే పూడ్చాల. అది మన పద్ధతి."

పద్ధతి గొప్పదే. ముత్యాలయ్య నోరు కట్టుకున్నాడు గానీ మొహం కట్టుకోలేకపోయాడు. ఆ నెల ప్రభు భోజనం నాడు, అందరూ ఒకే గిన్నెలో ద్రాక్షరసం పుచ్చుకునే వేళ, సంఘపెద్దగా అయ్యగారి పక్కన నిలబడినవాడు, యెహోషువ పెళ్ళాం రెబెక్కమ్మ పెదవి పెట్టిన గిన్నెను తన భార్య ముట్టకుండా మోచేత్తో పొడిచి ఆపాడు. ఆ ఒక్క పోటు చాలింది. అడిగినవాడూ లేడు, చెప్పినవాడూ లేడు, పాలెమంతటికీ తెలిసిపోయింది. ఆ తర్వాతి నెల నుంచి రెబెక్కమ్మ తనంతట తానే అందరికన్నా చివర, ఆడవాళ్ళ వరుస కొసన మోకరించసాగింది. తన తర్వాత ఆ గిన్నె ఎవరూ తాగక్కర్లేదు. ఇంట్లో ఆమె చెంబు వేరు, కంచం వేరు. ఏడేళ్ళలో ఆమె ఇదేమిటని ఎవరినీ అడగలేదు. అబ్రహాము చెప్పనూ లేదు. మరిదన్నవాడు వదినతో చెప్పే మాటా అది!

ఆ ఏడేళ్ళూ అబ్రహాము చుక్కాని దగ్గర నిలబడే పడవ నడిపాడు. ఆ పలక మీద కూర్చోలేదు. కూర్చోవడానికి చోటెక్కడిది? అక్కడ అన్న ఉన్నాడు. కంటికి కనబడకుండా, పట్టపగలు, ఎండలో, చిప్పలో ఉమ్ముతూ.

ప్రకటన మర్నాడు సోమవారం పడవ కదిలింది. గాలి పడిపోతే నడుం లోతు ఉప్పునీళ్ళలో దిగి తాడు పెట్టి లాగాల్సిందే. తడి గోచి ఒరుసుకుని అబ్రహాముకు గజ్జల్లో మంట పుట్టింది. మధ్యాహ్నం కట్టెల దొంతి చాటుకు పోయి ఆముదం రాసుకుంటూ, బుద్ధెరిగాక మొదటిసారి తన ఒంటిని తాను పరికించి చూసుకున్నాడు. ఆ పాలెంలో మగవాడు అక్కడ కడుక్కుంటాడే గానీ చూసుకోడు. చూసుకుంటే పాపమని మీసాలు రాకముందే చెప్పి పెడతారు. ముందోలు వెనక్కి తీసి చూసినవాడు అలాగే నిలబడిపోయాడు.

అన్న మీద చూసిన వరుసే. అవే బుడిపెలు, అంతే పరిమాణం. లెక్కపెట్టబోయి మానుకున్నాడు.

అతను ఏ ఆడమనిషినీ ఎరగడు. మద్రాసులో తోటివాళ్ళు సందుల్లోకి పోయినప్పుడు పడవకు కాపలా ఉండేవాడు. మరి ఎలా వచ్చింది? అన్న గోచిగుడ్డలు పారెయ్యలేక కట్టుకున్నాడు, అందులోంచి వచ్చిందా? అన్న పట్టిన చుక్కాని పట్టాడు, అందులోంచా? ఒక కడుపున పుట్టిన పాపానికి నెత్తురులోనే ఉందా? భయపడ్డవాడికి కారణాలకేం కొదవ! వెనక పలక మీద తుప్పుమని చప్పుడైంది. ఈసారి అబ్రహాము తిరిగి చూడలేదు.

కరుణాకుమారిని అతను ఒక్కసారే చూశాడు. కావలిలో పంతులమ్మ. పెళ్ళిచూపుల్లో తల దించుకోకుండా, "పడవలో మద్రాసు పోవడానికి ఎన్నాళ్ళు పడుతుంది?" అని అడిగింది. ఆ పిల్ల నోట్లో పళ్ళు కదలడం, ఆ పిల్ల చెంబు వేరు పెట్టడం తలుచుకున్నాడు. ఆ సాయంత్రానికి ఒక నిశ్చయానికి వచ్చాడు. మూడో ఆదివారం అయ్యగారు అభ్యంతరం గలవారెవరని అడిగినప్పుడు తానే లేచి నిలబడతాడు. తన పెళ్ళికి తానే అడ్డు చెబుతాడు. కారణం అడిగితే చెబుతాడు. తర్వాత ఆ పాలెంలో ఉండడు.

పడవలో అతనికి తోడు దరియావలి. యెహోషువకు నేస్తం. ముప్ఫై అయిదేళ్ళవాడు, నవ్వు మొహం, దేనికీ బెంగపడని ఘటం. రెండో రోజు అన్నం వండుకుంటున్నప్పుడు అబ్రహాము నేల చూపులు చూస్తూ, "దరియావలన్నా, నీకెప్పుడైనా ఆ చోట పొక్కులుగానీ వచ్చినాయా?" అని అడిగాడు.

దరియావలి పకపకా నవ్వాడు. "పెండ్లి దగ్గరపడేసరికి అన్నీ గుర్తుకొస్తా ఉండాయిరా నీకు! నాకు ఒక్కటే వచ్చింది. మూడేండ్ల కిందట, మద్రాసులో. నీతో అనకూడదు గానీ ఒక ఇంటికి పోయినాలే. నెల తిరిగేసరికి కందిగింజంత లేచింది. గట్టిగా ఉండె. చితికి పుండైంది. నొప్పా పాడా! ఆముదం రాసినా. నెల తిరక్కుండా దానంతటదే మాయమైపోయింది. నొప్పి లేని పుండు ఒక పుండా?"

"షాహిదాబీ వదినకు తెలుసునా?"

"ఆమెకెందుకు? ఆమె బాధలో ఆమె ఉంది. రెండు కాన్పులు వరసగా కడుపులోనే పోయినాయి గదా. అల్లా ఇయ్యలా" అని, మొహంలో నవ్వు తగ్గించి పొయ్యిలోకి కట్టె తోశాడు. "నీకంత భయమైతే పోలేరయ్య దగ్గరికి పో. మీ అన్నకిచ్చింది ఆయనే గదా."

అన్నకిచ్చింది ఆయనే. అదే ధైర్యం, అదే భయం. ఈసారి కట్టెలు మద్రాసు దాకా పోకుండా దగ్గరి రేవులోనే దించేశారు. గురువారం తిరిగొచ్చి పడవ దిగుతూనే అబ్రహాము పోలేరయ్య గుమ్మం తొక్కాడు. పోలేరయ్య చూడను కూడా చూడలేదు. మాట సగంలో ఉండగానే, "మీ వంశంలోనే ఉండాది" అని నిట్టూర్చి, బీరువాలోంచి తెల్లటి పొడి తీసి పొట్లాలు కట్టాడు. నలభై ఒకటి. "నోట్లో నీళ్ళు ఊరితే భయపడబాక. మందు పనిచేస్తా ఉందని లెక్క."

మర్నాడు పొద్దున అబ్రహాము కాలవగట్టున కూర్చుని మొదటి పొట్లం విప్పాడు. పొడి అరచేతిలో పోసుకున్నాడు. కొంచెమే ఉంది గానీ చేతికి బరువు తగిలింది. నోటి దాకా తీసుకుపోయాడు. వెనక, చెవి పక్కనే, చిప్పలో ఉమ్మిన చప్పుడు. ఇంతకు ముందెప్పుడూ అంత దగ్గరగా వినబడలేదు. ఇంకా తుడుచుకోని పెదవి తడి మెడ మీద తగిలినంత దగ్గర. అబ్రహాము చెయ్యి దించేశాడు. పొడి మళ్ళీ పొట్లం కట్టి, జేబులో పెట్టుకుని, నెల్లూరు బస్సెక్కాడు. చచ్చినవాడు వద్దన్నాడో, రమ్మన్నాడో అతనికి తెలియలేదు. కానీ ఆ చప్పుడు తన నోట్లోంచి వచ్చే రోజు మాత్రం చూడదలుచుకోలేదు.

నెల్లూరులో డాక్టరు క్రీస్తురాజు పెద్దవాడు, కోపిష్టి. రోగులను తిట్టకుండా మందు రాయడని పేరు. అబ్రహాము తెర వెనక పంచె విప్పి, కళ్ళు మూసుకుని నిలబడ్డాడు. డాక్టరు దీపం దగ్గరికి లాక్కుని, భూతద్దం పెట్టి చూసి, చేతులు కడుక్కుని వచ్చాడు.

"ఎప్పటినుంచి ఉండాయి?"

"మొన్న చూసినానయ్యా."

"చూసింది మొన్న. ఉండేది మీసాలొచ్చినప్పటినుంచి. ఇది రోగం కాదు, పంచె కట్టుకో."

అబ్రహాముకు అర్థం కాలేదు. అలాగే నిలబడ్డాడు.

"చెప్తా ఉంటే వినబడలా? అన్నీ ఒకే సైజు, ఒకే వరస, మెత్తగా ఉండాయి. నొప్పి లేదు, దురద లేదు, రసి లేదు. పెరగవు, అంటవు. నలుగురైదుగురు మగాళ్ళను నిలబెడితే ఒకడికి ఉంటాయి. మురికి వల్ల రావు, పాపం వల్ల రావు. ఒకడికి చెంప మీద పుట్టుమచ్చ ఉంటుంది, ఇంకొకడికి ఉండదు. ఇదీ అంతే. వృషణాల మీద చర్మంలో పసుపు నలకల మాదిరి ఉంటాయే, అవీ అంతే. గిల్లొద్దు, కాల్చొద్దు, ఏమీ పుయ్యొద్దు."

"మరి... చెడ్డవి ఎట్టుంటాయయ్యా?"

డాక్టరు మొదటిసారి అతని మొహంలోకి చూశాడు. అడగాల్సిన ప్రశ్న అడిగినవాణ్ణి తిట్టలేకపోయాడు కాబోలు, కూర్చోమన్నాడు. "చెడ్డవి కొత్తగా వస్తాయి. గుంపుగా నీటిపొక్కులు లేచి మండినా, కోడిజుట్టు మాదిరి కండ పెరిగినా, వయసు మళ్ళినవాడికి మానని పుండై నెత్తురు కారినా, గజ్జల్లో బిళ్ళలు కట్టినా ఆ రోజే రావాల. అన్నింటికన్నా మోసగత్తెది ఒకటుంది. ఒక్కటే పుండు. అంచు గట్టిగా ఉంటుంది, నొప్పి ఉండదు. నెలలోపల దానంతటదే మానుతుంది. వాడు పోయిందని సంబరపడతాడు. అది యాడికీ పోదు, ఒంట్లోకి దిగుతుంది. పెండ్లానికి పోతుంది. కడుపులో బిడ్డకు పోతుంది. సవాయంటే అదీ. ఇప్పుడు సూదిమందుంది, వస్తే బాగవుతారు. రారే!"

కందిగింజంత. నొప్పా పాడా. రెండు కాన్పులు. అబ్రహాము దరియావలి సంగతి డాక్టరుకు చెప్పాడు. ఇద్దరినీ, మొగుణ్ణీ పెళ్ళాన్నీ కలిపి తీసుకురమ్మని డాక్టరు గట్టిగా చెప్పాడు. తర్వాత అబ్రహాము జేబులోంచి పొట్లం తీసి బల్ల మీద పెట్టాడు.

డాక్టరు విప్పి చూశాడు. సొరుగులోంచి పాత రాగి కాణీ ఒకటి తీసి, చిటికెడు పొడిని నీటిచుక్కతో తడిపి దాని మీద రుద్దాడు. ఎర్రటి కాణీ చూస్తుండగానే వెండిలా తెల్లబడింది.

"రసకర్పూరం. పాదరసం. దీన్ని మింగినావా?"

"లేదయ్యా. మా అన్న మింగినాడు. ఆయనకూ ఈ బుడిపెలే ఉండె. పీనుగకు నీళ్ళు పోసేటప్పుడు చూసినా."

డాక్టరు కాణీని బల్ల మీద పెట్టేశాడు. కోపమంతా ఎక్కడికి పోయిందో, మెల్లిగా అడిగాడు. "చివర్లో ఉమ్మేవాడా? చిగుళ్ళు వాచి, పండ్లు ఊడి, ఎప్పుడూ ఉమ్ముతా ఉండేవాడా?"

అబ్రహాము తల ఊపాడు. ఏడేళ్ళుగా తన ఒక్కడి చెవికే వినబడుతున్న చప్పుడును, ఈ గదిలో ముక్కూమొహం తెలియని మనిషి గుర్తుపట్టాడు.

"మీ అన్నను చంపింది రోగం కాదు నాయనా. మందు" అన్నాడు డాక్టరు. అతని మనశ్శాంతికని రక్తం తీసి పరీక్షకు పంపించి, వారం తర్వాత రమ్మన్నాడు.

ఆ వారంలో రెండో ప్రకటన అయిపోయింది. దరియావలిని ఒప్పించడానికి నాలుగు రోజులు పట్టింది. నొప్పి లేనిదానికి సూదేంటని కొట్టిపారేశాడు, అంతా వట్టిదన్నాడు, చివరికి అబ్రహాము, "షాహిదాబీ వదినకు మూడో కడుపు కూడా పోవాలనా నీకు?" అన్నాక తాడు కింద పడేసి గట్టు మీద కూలబడ్డాడు. డాక్టరు దగ్గర మొగుడూ పెళ్ళామూ ఒకే బెంచీ మీద ఒకరి మొహం ఒకరు చూడకుండా కూర్చున్నారు. ఇద్దరి రక్తంలోనూ ఉంది. అబ్రహాము రక్తంలో ఏమీ లేదు. ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకుని పాలెం చేరినప్పుడు శనివారం పొద్దెక్కి ఉంది. అతని మనసు నిజంగా తేలికపడింది. అంత తేలికలో మనిషి ముందూ వెనకా చూడడు.

రెబెక్కమ్మ పెరట్లో చాప పరిచి ఎండు రొయ్యలు ఏరుతోంది. పక్కన ఆమె రాగిచెంబు. ఆమె వయసు ముప్ఫై కూడా దాటలేదు గానీ, చూసినవాళ్ళు నలభై అంటారు.

అబ్రహాము దూరంగా, పక్కకు తిరిగి కూర్చున్నాడు. "వదినా, అన్నకు సవాయి లేదు" అన్నాడు.

ఆ మాట ఆ ఇంట్లో ఎవరైనా పైకి అనడం అదే మొదలు. రెబెక్కమ్మ చేతులు ఆగాయి. అతను నేలను చూస్తూ అంతా చెప్పాడు. పీనుగ మీద చూసింది, తన ఒంటి మీద చూసుకుంది, డాక్టరు చెప్పింది. సిగ్గుతో చెవులు కాలిపోతున్నా ఆపలేదు.

"రోగమే లేదా?" అంది ఆమె.

"లేదు వదినా. ఏమీ లేదు."

"మరి నన్నెందుకు ముట్టుకోలా?" మరిది ముందు అనకూడని మాటని ఆమెకు తోచనే లేదు. ఏడేళ్ళుగా గొంతులో ఉన్న మాట తోసుకొచ్చింది. "పోయే ముందు ఆరు నెలలూ వసారాలో పడుకున్నాడు. దగ్గరికి పోతే చాప ఎత్తుకుని అవతలికి పోయినాడు. నా ఒళ్ళు కంపు కొడతా ఉందేమో అనుకున్నా. రోజుకు రెండుమాట్లు సున్నిపిండి రుద్దుకునేదాన్ని."

"నీకు అంటుకుంటుందని భయపడినాడు వదినా. పెండ్లికి ముందెప్పుడో మద్రాసులో కాలు జారి ఉంటాడు. ఆ పాపమే బయటపడిందనుకున్నాడు. నిన్ను కాపాడాలనే చూసినాడు."

రెబెక్కమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. ఆ ఏడుపులో ఎక్కడో ఒక సంతోషం కూడా ఉంది, అది అబ్రహాముకు తెలిసింది. అక్కడితో లేచి పోయి ఉంటే బాగుండేది. అతను ఆగలేదు. "అన్నను చంపింది రోగం కాదు. ఆ పోలేరయ్య మందే చంపింది. అది విషం వదినా" అన్నాడు.

ఏడుపు ఆగిపోయింది. ఆమె లేచి లోపలికి పోయి, రేకు పెట్టెలోంచి ఒక గుడ్డమూట తెచ్చి విప్పింది. అందులో అయిదు పొట్లాలు. కాగితం పచ్చబడింది.

"నలభై ఒకటిచ్చినాడు. ముప్ఫై ఆరు అయిపోయినాయి. మీ అన్న కోసం తెచ్చినవి గదా, పారెయ్యబుద్ధి కాలా" అంది. "డాక్టరు కాణీ మీద ఎట్ట రుద్దినాడు?"

"వద్దు వదినా."

ఆమె ఒక పొట్లం విప్పింది. చిటికెడు పొడి తడిపి తన రాగిచెంబు మీద రుద్దింది. బొటనవేలంత మేర చెంబు తెల్లగా మెరిసింది. ఆమె దాన్ని చాలాసేపు చూసింది. పక్కన రొయ్యల మీద కాకి వాలినా అదిలించలేదు.

"పొద్దున్నే బెల్లంలో చుట్టి నా చేత్తోనే పెట్టేదాన్ని" అంది. "నోరు మండిపోతా ఉంది, ఇంక వద్దే అన్నాడు ఒకరోజు. కడుపులో పుండు తగ్గొద్దా అని గదమాయించినా. గడ్డం పట్టుకుని మింగించినా."

అబ్రహాముకు నాలుక కరుచుకున్నట్టయింది. తన గుండె మీది బరువు దించుకుని, తిన్నగా తెచ్చి ఈమె గుండె మీద పెట్టాడు. "నీకు తెలీదు గదా వదినా" అన్నాడు. ఆ మాట ఎంత చిన్నదో అన్నాక తెలిసింది.

"తెలీదు. ఆయన చెప్పుంటే తెలిసేది. నాకు చెప్పుంటే చూపియ్యమనేదాన్ని. పెండ్లైన నాడు ఉన్నవే గదా ఇవి, కొత్తవి కావు గదా అనేదాన్ని. ఆయన చూసుకోలా గానీ నేను పెండ్లాన్ని, నాకు తెలుసు గదా" అంది రెబెక్కమ్మ. తర్వాత పొట్లాలు మూట కట్టింది. "ఆ కావలి పిల్లకు మొత్తం చెప్పు. పెండ్లికి ముందే."

అబ్రహాము అప్పటికే రాశాడు. కార్డు మీద రాస్తే పోస్టుమాను చదువుతాడని కవరులో పెట్టి, అంటించి, రెండోసారి అన్నం మెతుకులతో కూడా అంటించాడు. జవాబు ఆ సాయంత్రమే వచ్చింది, నాలుగు వరుసలు. 'మీరు చెప్పారు, అది చాలు. మీ వదినగారిని అడిగానని చెప్పండి.'

మూడో ఆదివారం, నెల మొదటి ఆదివారం కూడా. ప్రభు భోజనం ఉంది, చర్చి నిండింది. అయ్యగారు ప్రకటన చదివాడు. "ఇందుకు అభ్యంతరము గలవారెవరైనను ఉన్నయెడల..." అని తల ఎత్తాడు. అబ్రహాము అలవాటుగా వెనక బెంచీ చప్పుడు కోసం ఊపిరి బిగబట్టాడు. ఆ చప్పుడు రాలేదు. ఆడవాళ్ళ వైపు చాప కదిలింది. రెబెక్కమ్మ లేచి నిలబడింది.

చర్చిలో గుసగుస పుట్టింది. ముత్యాలయ్య చేతికర్ర గట్టిగా పట్టుకున్నాడు.

"అభ్యంతరం కాదు అయ్యగారూ" అంది రెబెక్కమ్మ. "మా మరిది మంచోడు. ఆ పిల్ల అదృష్టవంతురాలు. నేను చెప్పేది నా పెనిమిటి మాట. ఆయనకు చెడ్డరోగం లేదు. ఆయన ఒంటి మీద ఉండేవి రోగం కావని నెల్లూరు డాక్టరు చెప్పినాడు. అట్టాంటివి మీలో శానామందికి ఉంటాయంట, ఇంటికి పోయి చూసుకోండి. ఆయన మందు తిని చచ్చిపోయినాడు. ఇది ఆ మందు. పెట్టింది నేను." మూట తీసుకుపోయి బల్ల మీద, బైబిలు పక్కన పెట్టింది. "ఇంక ఈ పాలెంలో ఎవురూ సిగ్గుపడి దీన్ని మింగబాకండి." వచ్చి తన చోట కూర్చుంది.

అయ్యగారు మూటను బైబిలు పక్క నుంచి జరపకుండానే, "ఇది మూడవ ప్రకటన" అని ముగించాడు. ఆ చర్చిలో ఆ రోజు ప్రసంగం ఏం చెప్పాడో ఎవరికీ గుర్తు లేదు.

గిన్నె వేళ మగవాళ్ళు ముందు పోయారు. అబ్రహాము పోలేదు. ముత్యాలయ్యా లేవలేదు. ఆడవాళ్ళ వరుసలన్నీ అయ్యాక, ఎప్పటిలా అందరికన్నా చివర రెబెక్కమ్మ వెళ్ళి మోకరించింది. అప్పుడు అబ్రహాము లేచి పోయి, ఆమెకు ఎడంగా, ఆమె తర్వాత మోకరించాడు. వెనక కర్ర చప్పుడైంది. ముత్యాలయ్య మోకాళ్ళు పట్టుకుని, ఒక్కొక్కటే వంచి, అబ్రహాము పక్కన దిగాడు. కన్నీళ్ళు గడ్డంలోకి కారుతున్నా తుడుచుకోలేదు.

రెబెక్కమ్మ తాగిన గిన్నె అబ్రహాము పెదవికి వచ్చింది. తాగాడు. చెవులు రిక్కించి విన్నాడు. ఏమీ లేదు. కిటికీ అవతల సరుగుడు తోపు, దాని అవతల సముద్రం, అంతే. ఏడేళ్ళలో మొదటిసారి అన్న అతన్ని వదిలిపెట్టాడు.

అతను వదిన వైపు చూశాడు. ఆమె గిన్నె వైపు చూడటం లేదు, సిలువ వైపూ చూడటం లేదు. తల కొంచెం పక్కకు వంచి, వెనక బెంచీ నుంచి ఏదో చప్పుడు వినబడుతున్నట్టు వింటోంది.